మొదటి తాంబూలం ఎవరికి

ఇది ఒక రాజ్యం కూలిపోకుండా నిలబెట్టిన కథ. ఇందులో వ్యూహం ఉంది, ఘోరమైన పొరపాటు ఉంది, ఒక ముసలావిడ ఎత్తుగడ ఉంది. ఆఖరి క్షణంలో ఒంటరిగా నిలబడి శత్రువును అడ్డుకున్న వీరుడు కూడా ఉన్నాడు. ఆ వీరుణ్ణి నేనే. చదివేవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చోండి.

సర్దుకున్నారు కదా. ఇక నిజం చెప్పేస్తాను. రాజ్యం అంటే మలేసియాలో కౌలా సెలంగోర్ అనే ఊరి తెలుగువాళ్ళ ఫుట్సల్ జట్టు. శత్రువు కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఒక మంచి మనిషి. నా కళ్ళజోడు కూడా ఆయనే చేసిచ్చాడు. ఒంటరిగా ఎందుకు నిలబడ్డానంటే, గోల్‌కీపర్‌ని ఎక్కడైనా ఒంటరిగానే నిలబెడతారు.

ఫుట్సల్ అంటే పైకప్పు ఉన్న చిన్న హాల్లో అయిదుగురు అయిదుగురుగా ఆడే ఫుట్‌బాల్. ఎండ తగలదు, వాన తగలదు, పరుగెత్తాల్సిన దూరం తక్కువ. మావాళ్ళ ఒంటికి కొలతలు తీసి కుట్టించినట్టుండే ఆట. మా తెలుగు సంఘం ఏటా ఆరు జట్లతో లీగు పెడుతుంది. పిల్లలు ఒకచోట చేరితే తెలుగు మాట్లాడుకుంటారని పెద్దల ఆశ. పిల్లలు చేరుతున్నారు. తమిళంలో తిట్టుకుంటారు, మలాయ్‌లో బతిమాలుకుంటారు, ఇంగ్లిష్‌లో స్కోరు చెప్పుకుంటారు. రిఫరీ మీద కోపం వచ్చినప్పుడు మాత్రం తెలుగు బయటికి వస్తుంది, రిఫరీకి తెలుగు రాదు కాబట్టి.

మా జట్టు మొదలుపెట్టింది మా చిన్నాన్న. కౌలా సెలంగోర్‌లో స్కూలు వ్యాను నడుపుతాడు. జట్టు పుట్టినప్పటి నుంచి మేనేజరు ఆయనే. జెర్సీలు ఆయనే ఉతుకుతాడు, పిన్నిని ముట్టుకోనివ్వడు. మా చెల్లెలి పెళ్ళి శుభలేఖలో ఆహ్వానించే పెద్దల వరసలో ఒకాయన పేరు కింద రిటైర్డ్ హెడ్మాస్టర్ అని, ఇంకొకాయన పేరు కింద ఎస్టేట్ సూపర్‌వైజర్ అని ఉంటే, చిన్నాన్న పేరు కింద "మేనేజర్, కౌలా సెలంగోర్ ఫుట్సల్" అని అచ్చయింది. వ్యాను సంగతి ఎక్కడా లేదు.

అలాంటి మనిషికి సంఘం అధ్యక్షుడు ఒక మాట చెప్పాడు. ఆడేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు, ఆరు జట్లు నింపడం కష్టమవుతోంది. కాబట్టి ఈసారి లీగులో అట్టడుగున మిగిలిన జట్టును క్లాంగ్ జట్టులో కలిపేస్తారు. అట్టడుగు మాకు కొత్త చోటు కాదు. రెండేళ్ళుగా అక్కడే కాపురం ఉంటున్నాం.

"కలిపేస్తే మరి నానేటవుతాను?" అని అడిగాడట చిన్నాన్న.

"అసిస్టెంట్ మేనేజర్," అన్నాడట అధ్యక్షుడు.

క్లాంగ్ జట్టుకు అప్పటికే ఇద్దరు అసిస్టెంట్ మేనేజర్లు ఉన్నారు. ఒకాయన నీళ్ళ సీసాలు మోస్తాడు, ఇంకొకాయన వాటి మూతలు తీస్తాడు. మూడో మనిషికి ఏం పని మిగిలిందో ఆలోచిస్తూ చిన్నాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదని పిన్ని చెప్పింది. తర్వాత కనుక్కుంటే ఆ రెండు రోజులూ పన్ను నొప్పట. అయినా బాధ మాత్రం నిజమే. పదకొండేళ్ళుగా ఆయన్ని ఊళ్ళో అందరూ "మేనేజర్" అనే పిలుస్తారు. ఆ పిలుపు పోతే మిగిలేది హారన్ కొట్టగానే బయటికి రాని పిల్లలు, వాళ్ళ టిఫిన్ డబ్బాలు.

ఇక నా సంగతి. కౌలాలంపూర్‌లో ఓడ సరుకుల కాగితాలు చూసే ఆఫీసులో పని చేస్తాను. జట్టుకు కెప్టెన్‌ని, ఎందుకంటే మేనేజరు మా చిన్నాన్న. ఆటలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు గాని, నాకో విద్య ఉంది. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్ గురించి ఒక మలేసియా మనిషికి అవసరమైన దానికంటే చాలా ఎక్కువ తెలుసు. వాళ్ళు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తి దాన్ని ఫుట్‌బాల్ అంటారు, అది వాళ్ళ ఇష్టం. ఏటా అక్కడ వృత్తి జట్లన్నీ కూర్చుని కాలేజీల నుంచి వచ్చిన ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. పోయిన ఏడు చిట్టచివర ఉన్న జట్టుకు మొదటి వంతు. వాళ్ళకు సాయంత్రం అయితే మనకు పొద్దున్న. ఆ రోజు నేను రైల్లో కడ్డీ పట్టుకుని నిలబడి ఫోన్లో అది చూస్తూ ఆఫీసుకు వెళ్తాను. నా మొహం చూసి పక్కవాళ్ళు ఎవరో దగ్గరివాళ్ళు పోయారనుకుంటారు. ఒకసారి ఒక మలాయ్ ఆవిడ లేచి సీటు కూడా ఇచ్చింది.

ఆ డ్రాఫ్ట్‌లో ఏళ్ళ తరబడి తెగని తగాదా ఒకటుంది. వంతు వచ్చినప్పుడు జట్టులో ఏ చోట లోటుందో ఆ చోటికి పనికొచ్చేవాణ్ణి తీసుకోవాలా, లేక లోటు సంగతి పక్కన పెట్టి, ఇంకా మిగిలినవాళ్ళలో అందరికంటే మంచి ఆటగాణ్ణి తీసుకోవాలా. నేను రెండో పక్షం. అవసరం చూసి ఎంచుకున్నవాళ్ళు మూడేళ్ళ తర్వాత ఏడుస్తారని నా సిద్ధాంతం. మూడేళ్ళ తర్వాత అందరూ ఏదో ఒకదానికి ఏడుస్తారు కాబట్టి దీన్ని ఇంతవరకు ఎవరూ ఓడించలేదు.

మా లీగులో డ్రాఫ్ట్ పెట్టించింది నేనే. ఒక్కో జట్టు పాతవాళ్ళలో నలుగురిని ఉంచుకుని మిగతావాళ్ళను వదిలేయాలి, వాళ్ళనూ కొత్తవాళ్ళనూ వరసగా ఎంచుకోవాలి. మొదటి ఏడు అమెరికా పద్ధతిలోనే జరిపాం. కెప్టెన్ వేలు పెట్టి చూపించడం, ఆ మనిషి వచ్చి పక్కన నిలబడటం. చివరికి గోడ దగ్గర ఒక్కడే మిగిలాడు. వాడి తల్లి సంఘంలో వంటల బాధ్యత చూసే ఆవిడ. కొడుకు కంటే ముందు ఎంపికైనవాళ్ళ తల్లులందరితో ఆమె మాటలు మానేసింది. ఆ ఏడు ఉగాది భోజనంలో పులిహోరకు ఉప్పు లేదు. నూటయాభై మంది చప్పటి పులిహోర తిని, ఎవరికి ఎవరు క్షమాపణ చెప్పాలో తెలియక, బాగుందని చెప్పి ఇళ్ళకు వెళ్ళారు.

అప్పుడు పెద్దలు జోక్యం చేసుకున్నారు. "ఇంట్లో మనిషిని అడిగే పద్ధతి అదేటి? పిల్లని అడిగినట్టు మర్యాదగా అడగాల," అన్నారు. అప్పటి నుంచి మా డ్రాఫ్ట్‌లో తాంబూలం వచ్చింది. ఆటగాళ్ళందరూ ఛాతీ మీద నంబరు అంటించుకుని ఎడమ గోడ వెంట నిలబడతారు. కుడి పక్క కుర్చీల్లో వాళ్ళ ఇళ్ళ పెద్దలు కూర్చుంటారు. కెప్టెన్ ముందున్న బల్ల మీద నుంచి ఆకు, వక్క, రెండు అరటిపళ్ళు, పసుపుకొమ్ము ఉన్న పళ్ళెం తీసుకుని, తనకు కావలసిన ఆటగాడి ఇంటి పెద్ద దగ్గరికి వెళ్ళి, "మీ బిడ్డను మా జట్టుకు ఇవ్వండి" అని తెలుగులో అడగాలి. ఆ ఇంటి పెద్ద పళ్ళేన్ని అందుకుని కళ్ళకు అద్దుకుంటే ఎంపిక అయిపోయినట్టు. పుచ్చుకున్న తాంబూలం వెనక్కి ఇవ్వడం లేదు. ఇస్తే కుదిరిన సంబంధం చెడగొట్టినట్టు. చివరి పది పళ్ళేలు ఒకేసారి ఇస్తారు, చివరివాడు ఎవడో తెలియకుండా. పులిహోరకు మళ్ళీ ఉప్పు వచ్చింది.

ఈ కథ జరిగిన ఏడు, అంతకుముందు అట్టడుగున ఉన్నందుకు, మొదటి పళ్ళెం మాది. మా లోటు ఏమిటో హాలు అవతలి గోడ నుంచి చూసినా తెలుస్తుంది. మా కీపర్ పెళ్ళి చేసుకుని జొహోర్ వెళ్ళిపోయాడు. వదిలేసినవాళ్ళలో పన్నెండో నంబరు కీపర్ ఉన్నాడు. బ్యాంకు మనిషి, బాగా లావు, ఊరికే నిలబడినా గోలు సగం మూసుకుపోతుంది. ఇంకోపక్క ఏడో నంబరు ఉన్నాడు. పెరాక్ రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చినవాడు, యూనివర్సిటీ జట్టుకు ఆడాడు. బంతి వాడి కాలికి అంటుకున్నట్టు నడుస్తుంది.

డ్రాఫ్ట్ రోజు పొద్దున్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో తమిళ ముస్లింలు నడిపే మామక్ కొట్టు దగ్గర నేనూ చిన్నాన్నా తే తారిక్ అనే నురగ టీ తాగుతూ కూర్చున్నాం.

"కీపర్ని తీసుకోరా," అన్నాడు చిన్నాన్న. "మనకి గోల్లో మనిషి లేడు లా." మలేసియాలో ఏ భాష మాటకైనా చివర ఈ 'లా' అంటుకుంటుంది.

"ఏడో నంబర్ లాంటోడు మల్లీ దొరకడు చిన్నాన్నా. లోటు చూసి తీసుకోకూడదు, మంచోణ్ణి చూసి తీసుకోవాల."

"ఆ అమెరికావోల్ల ఆటలో గోల్‌కీపర్ ఉంటాడేటి?"

"ఉండడు."

"మరి ఆల్ల మాట మనకెందుకు?"

వాదన ఓడిపోతున్నప్పుడు ఇంటి విషయాలు ఎత్తడం మా వంశంలో ఉంది.

"పోయిన వారం పిన్ని ఉల్లిపాయలు తెమ్మంటే ఏటి తెచ్చినావు?"

"దురియన్ పండు."

"ఎందుకు?"

"బాగుంది."

"నాను సెప్పేదీ అదే."

"ఆ రోజు కూరలో ఉల్లిపాయ లేదు," అన్నాడు చిన్నాన్న. "మీ పిన్ని సేసిన గోల అవతల వీధికి ఇనిపించినాది. అది కూడా సెప్పుకో." గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "సర్లే, నీ ఇష్టం. నాను అక్కడ మూతలు తీసేవోడి పక్కన నిలబడితే మాత్రం నువ్వు వొచ్చి సూడాల."

ఇంతలో అమ్మ ఫోన్ చేసింది. ఆటగాళ్ళ గురించి కాదు. "అక్కడికి మన పాత ఎస్టేట్ మామ్మ వొస్తాదంట. మీ నాయనమ్మతో కలిసి రబ్బరు పాలు తీసినావిడ. కనిపిస్తే కాల్లకి దండం ఎట్టు. ఎట్టకుండా ఎదర నించి ఎల్లిపోయినావని నాకు తెలిసినాదో, సూడు మరి."

సరేనన్నాను. నా పతనానికి కారణం అమ్మ పెంపకమే అని ఇక్కడే నమోదు చేస్తున్నాను.

సంఘం హాలు నిండా జనం. సంఘం సెక్రటరీ ఆంటీ మైకు ముందు కూర్చుంది. ఆవిడ రిటైరైన టీచరు, నలభై మంది పెద్దమనుషుల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదు. "కౌలా సెలంగోర్, మొదటి తాంబూలం," అని పిలిచింది. నేను లేచి పళ్ళెం అందుకున్నాను. ఏడో నంబరు వాళ్ళ నాన్న కుర్చీల వరసలో ఆరో మనిషి. నేను ఆయన వైపు నడిచాను. దారిలో మొదటి కుర్చీలో మామ్మ కూర్చుంది.

ఆవిడ నన్ను చూసింది. నేను చూశానని కూడా చూసింది. ఇక దాటి వెళ్ళడం కుదరదు. దండం పెట్టాలి. రెండు చేతుల్లో పళ్ళెం ఉంది. తాంబూలం నేల మీద పెట్టకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. పక్క కుర్చీలో ఎవరిదో హ్యాండ్‌బ్యాగు ఉంది. దగ్గర్లో ఉన్న శుభ్రమైన చోటు ఒక్కటే, మామ్మ ఒడి. పళ్ళెం అక్కడ పెట్టి, వంగి కాళ్ళకు దండం పెట్టాను.

లేచి చూసేసరికి ఆవిడ పళ్ళెం కళ్ళకు అద్దుకుంటోంది.

"కౌలా సెలంగోర్ మొదటి ఎంపిక, ఇరవై మూడో నంబర్," అంది మైకు.

చప్పట్లు కొట్టారు. ఎడమ గోడ వైపు తిరిగాను. ఇరవై మూడో నంబరు మామ్మ మనవరాలు. అమ్మాయిల పేర్లు కూడా తీసుకోవడం ఆ ఏడే మొదలు. జాబితా మొత్తంలో ఉన్నది ఆమె ఒక్కతే. పామాయిల్ మిల్లు ల్యాబ్‌లో నూనె పరీక్ష చేసే ఉద్యోగం. చేతులు కట్టుకుని, చెడిపోయిన శాంపిల్‌ని చూసినట్టు నన్ను చూసింది.

నేను సెక్రటరీ ఆంటీ దగ్గరికి పరుగెత్తాను. "ఆంటీ, నేను అడగలేదు. ఆ వాక్యం అననే లేదు. ఊరికే దండం పెట్టాను."

"అడగడం కంటే దండం పెట్టడం ఇంకా మర్యాద కదా నాయనా," అంది ఆంటీ, నంబరు రాసుకుంటూ. "అందరూ నీలా ఉంటే ఎంత బాగుండేది."

అధ్యక్షుడి వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పుచ్చుకున్నాక వెనక్కి లేదబ్బాయ్."

చిన్నాన్న దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఆయన ముందుకే చూస్తున్నాడు. "కీపర్ కాదు, మంచోడూ కాదు," అన్నాడు మెల్లగా. "ఇది నీ అమెరికాలో ఏ పద్ధతిరా?"

ఏడో నంబరును క్లాంగ్ తీసుకుంది. లావుపాటి కీపర్‌ని బ్రిక్‌ఫీల్డ్స్ తీసుకుంది. మళ్ళీ మా వంతు వచ్చేసరికి గోలులో నిలబడేవాడు అంటూ ఒక్కడూ మిగల్లేదు. అదే సమయంలో ఫోన్ మోగింది. మామ్మ ఇంటికి నేను తాంబూలం ఇచ్చానని, పిల్ల మిల్లులో పర్మనెంట్ ఉద్యోగస్తురాలని, హాల్లో అందరూ చప్పట్లు కొట్టారని కౌలా సెలంగోర్‌లో మా అమ్మకు అప్పటికే తెలిసిపోయింది. ఫుట్సల్ అనే మాట మాత్రం ఆ వార్త వెంట ప్రయాణం చేయలేదు.

"ఒక్క మాట సెప్పి ఇయ్యొచ్చు కదరా," అంది అమ్మ. గొంతులో సంతోషం దాచుకోలేకపోతోంది. అది ఆట కోసం అని వివరించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చివర్లో ఆమె, "సరే, ఆట అయిపోయినాక ఆలోసిద్దాం," అంది. ఆ అమ్మాయికి నా మీద అప్పుడూ ఇప్పుడూ ఏ అభిప్రాయమూ లేదు. ఉన్నా అది నేను వినదగ్గది కాదు.

మొదటి ప్రాక్టీసుకు అందరం వ్యానులో వెళ్తున్నప్పుడు చిన్నాన్న అద్దంలోంచి వెనక్కి చూస్తూ ఆమెను అడిగాడు.

"స్కూల్లో ఏటాడేదానివమ్మా?"

"నెట్‌బాల్, అంకుల్."

చిన్నాన్న మొహం వెలిగిపోయింది. నెట్‌బాల్ చేత్తో ఆడే ఆట. బంతి పట్టుకోవడం అలవాటున్న మనిషి. దేవుడు పళ్ళెం రూపంలో దారి చూపించాడన్న నిర్ణయానికి ఆయన రెండు క్షణాల్లో వచ్చేశాడు.

"అయితే కీపర్..."

"నాను కీపర్ కాను అంకుల్. గోల్ కొట్టడానికి వొచ్చినాను. ఆపడానికి వేరే ఎవుర్నైనా సూసుకోండి."

"మరెవురు?"

వ్యానులో ఉన్నవాళ్ళందరూ కిటికీల్లోంచి పామాయిల్ తోటలు చూడటం మొదలుపెట్టారు. పామాయిల్ తోటలో చూడటానికి ఏమీ ఉండదు. ఒక చెట్టు చూస్తే పది మైళ్ళు చూసినట్టే. అయినా ఎంతో శ్రద్ధగా చూశారు. తల తిప్పడంలో అందరికంటే ఆలస్యం చేసింది నేను. అలా కీపర్ అయ్యాను. నన్ను అవసరం చూసీ ఎంచుకోలేదు, ప్రతిభ చూసీ ఎంచుకోలేదు. అందుబాటులో ఉన్నాను, అంతే.

మొదటి ఆటలో ఆరు గోల్స్ తిన్నాం. రెండోది క్లాంగ్ మీద. ఏడో నంబరు ఒక్కడే నాలుగు కొట్టాడు. ప్రతి గోల్ తర్వాత నా దగ్గరికి వచ్చి "సారీ బ్రదర్" అని చెప్పి వెళ్ళాడు. అంత మంచివాణ్ణి పోగొట్టుకున్నందుకు ఇంకా బాధేసింది. విరామంలో చిన్నాన్న క్లాంగ్ వాళ్ళ నీళ్ళ సీసాల వైపు, మూతలు తీసే ఆయన చేతుల వైపు చూస్తూ ఉన్నాడు, పని నేర్చుకుంటున్నట్టు.

మామ్మ ప్రతి ఆదివారం వచ్చేది. మూడో వారం ఆట మొదలయ్యే ముందు నేను వెళ్ళి, ఈసారి ఖాళీ చేతులతో, దండం పెట్టాను. పక్కన కూర్చోమంది.

"నీకు నా మీద కోపమేటిరా?"

"లేదు మామ్మా."

"ఉంటాది. ఆ రోజు నువ్వు ఆ పెరాక్ పిల్లోడి కోసం ఎల్తన్నావని నాకు తెలుసు. నీ సూపు అటే ఉన్నాది."

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ మైదానంలో బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న మనవరాలి వైపు చూస్తోంది.

"ఆడపిల్లని ఎవుడూ అడగడని కూడా తెలుసు. ఆకర్న పది పళ్లేలు ఒకేసారి ఇచ్చేస్తారు సూడు, అందులో ఒకటి మా ఇంటికి ఎట్టేద్దురు. అది ఇంటికొచ్చి రాత్రికి అన్నం తినదు. నువ్వు పళ్లెం ఒళ్ళో ఎట్టినావు. ఒళ్ళో ఎట్టింది ఎవులైనా ఒగ్గేస్తారేటి?"

ఇంతటి వ్యూహకర్తను నేను జన్మలో చూడలేదు. అమెరికా జట్లు లక్షల కాగితాలు పోగేసి చేసే పనిని ఆవిడ కూర్చున్న చోటు నుంచి లేవకుండా చేసింది. ఆ మాటే చెప్పాను. ఆవిడకు అమెరికా మీద ఆసక్తి లేదు. "నువ్వు బంతి వొస్తే కల్లు మూసేత్తన్నావు," అంది. "అది మానుకో."

ఆ రోజు కళ్ళు తెరిచి ఉంచాను. డ్రా అయింది. నాకు ఆడటం వచ్చిందని కాదు. ఇరవై మూడో నంబరు గోల్ కొట్టడం మొదలుపెట్టింది. ఆమె తన్నే తీరు ఏ కోచూ నేర్పడు. బొటనవేలితో బంతిని పొడుస్తుంది. అది ఎటు పోతుందో ఆమెకే తెలియదు, ఇక కీపర్‌కి ఎలా తెలుస్తుంది. నాలుగో ఆట గెలిచాం. అవతలి జట్టులో సగం మంది బంధువుల పెళ్ళిలో ఉన్నారు, మిగిలిన సగం ఆ పెళ్ళిలోనే పొద్దున్న భోజనం చేసి వచ్చారు. గెలుపు గెలుపే. చిన్నాన్న ఆ రోజు వ్యాను హారన్ కొట్టుకుంటూ ఊళ్ళోకి తీసుకెళ్ళాడు. అలవాటు కొద్దీ ఇద్దరు పిల్లలు స్కూలు బ్యాగులతో బయటికి వచ్చారు, ఆదివారం అని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళారు.

ఆఖరి ఆట బ్రిక్‌ఫీల్డ్స్‌తో. మాకు నాలుగు పాయింట్లు, వాళ్ళకు మూడు. మిగతా జట్లన్నీ పైన ఉన్నాయి. డ్రా చేస్తే వాళ్ళు అట్టడుగున ఉంటారు. ఓడితే మేము, అంటే చిన్నాన్న క్లాంగ్ వెళ్తాడు.

ఆ పొద్దున్న చిన్నాన్న జెర్సీలు ఇస్త్రీ చేసి తెచ్చాడు. ఒక్కొక్కటి మడత విప్పి ఒక్కొక్కరికీ స్వయంగా ఇచ్చాడు. నాకు ఇచ్చేటప్పుడు కాసేపు పట్టుకుని వదల్లేదు.

"పోతే పోతాది లా," అన్నాడు. "పదకొండేళ్లు సేసినాను."

ఏదో ఒక జోకు వేయాలని చూశాను. రాలేదు. నాకు ఇలా సాధారణంగా జరగదు. బహుశా ఆకలి అయి ఉంటుంది.

విరామానికి రెండు గోల్స్ వెనకపడ్డాం. అవతల గోలులో లావుపాటి బ్యాంకు మనిషి నిలబడితే సందు కనిపించడం లేదు. విరామం తర్వాత ఇరవై మూడో నంబరు బొటనవేలితో ఒకటి పొడిచింది. అది ఆయన కాళ్ళ మధ్య నుంచి వెళ్ళింది. ఆయన చూడటానికి వంగేలోపు అయిపోయింది, వంగడం ఆయనకు అంత తొందరగా కుదిరే పని కాదు. మామ్మ కుర్చీలోంచి లేచింది. ఇంకాసేపటికి రెండోది, గోడకు తగిలి, మా వాడి వీపుకు తగిలి, లోపలికి. ఎవరి ఖాతాలో రాయాలో రిఫరీకి తెలియక వీపు యజమానికి ఇచ్చాడు. రెండు, రెండు.

చివరి నిమిషం. కళ్ళజోళ్ళ దుకాణం మనిషి ఒంటరిగా బంతితో నా వైపు వస్తున్నాడు. గీత అవతల నుంచి చిన్నాన్న గొంతు పగిలేలా అరుస్తున్నాడు.

"ఎడమకి ఎల్లరా, ఎడమకి ఎల్లు."

ఇక్కడ వీరుడి మనసులో ఏం జరిగిందో చెప్పాలి. ఏమీ జరగలేదు. పుట్టినప్పటి నుంచి చిన్నాన్న ఎటు వెళ్ళమంటే నేను దానికి ఎదురు వెళ్తూ వచ్చాను. అలవాటు కొద్దీ కుడికి వెళ్ళాను. బంతి కూడా కుడికే వచ్చింది. నా తొడకు తగిలి బయటికి పోయింది. తొడ మీద బంతి కుట్ల గుర్తులు రెండు వారాలు ఉన్నాయి. విజిల్ వేశారు.

కళ్ళజోళ్ళ మనిషి నా భుజం తట్టి, "నువ్వు ఎడమకి వెళ్తావనుకున్నాను," అన్నాడు. "మీ చిన్నాన్న చెప్తున్నాడు కదా అని."

చిన్నాన్న మైదానంలోకి వచ్చాడు. నన్ను కౌగిలించుకుంటాడేమో అనుకున్నాను. ముందు జెర్సీ విప్పమన్నాడు, చెమట ఆరకముందే నానబెట్టాలట. విప్పి ఇచ్చాను. అది చంకలో పెట్టుకుని, అటు తిరిగి, ముక్కు తుడుచుకున్నాడు. జెర్సీతోనే తుడుచుకున్నాడు. ఇరవై మూడో నంబరు ఆ పక్క నుంచి వెళ్తూ, "వొచ్చే ఏడు కీపర్ని తీసుకో కెప్టెన్," అంది. మామ్మ ఆమెను కౌగిలించుకుని, నన్ను చూసి తలూపింది. వ్యానులో పాటలు పాడారు. ఒక్క పాటకూ ఎవరికీ రెండో లైను రాలేదు.

ఆ తర్వాతి శనివారం బ్రిక్‌ఫీల్డ్స్‌లో సంఘం కమిటీ సమావేశం. మా జట్టును కలపడం లేదని అధికారికంగా చెప్పించుకోవడానికి నేనూ చిన్నాన్నా వెళ్ళాం. చిన్నాన్న పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా వేసుకున్నాడు. జేబులో రెండు పేజీల ప్రసంగం ఉంది. తెలుగు మాటలే, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. పదకొండేళ్ళ చరిత్ర, పిన్ని త్యాగం, నా తొడ, అన్నీ అందులో ఉన్నాయి. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే వచ్చాడు.

మా వంతు వచ్చినప్పుడు లేచి గొంతు సవరించుకున్నాడు. "మా జట్టును క్లాంగ్‌లో కలపొద్దని..."

"ఏ కలపడం?" అంది సెక్రటరీ ఆంటీ, కాగితాల్లోంచి తలెత్తి. "అది ఎప్పుడో వదిలేశాం కదా. మీకు ఎవరూ చెప్పలేదా?"

అధ్యక్షుడు టీ కప్పులోకి చూశాడు. చిన్నాన్న జేబులోని ప్రసంగం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎప్పుడొగ్గేసినారు?" అన్నాడు.

"లీగు మొదలుకాక ముందే. హాలు ఫారం నింపేటప్పుడు చూశాం," అంది ఆంటీ. ఆదివారాలు ఆ హాలును మూడు గంటలకు తక్కువ ఇవ్వరు. ఆటకు గంట. అయిదు జట్లయితే రోజుకు రెండు ఆటలే అవుతాయి, మూడో గంట అద్దె దండగ. మూడు ఆటలు జరగాలంటే ఆరు జట్లు ఉండాలి.